కొండలరావు బర్రె ఒడ్డెక్కిన వైనం

చందర్లపాడులో కొండలరావు ఎదురుపడితే బాగున్నావా అని ఎవరూ అడగరు. "బర్రె ఒడ్డెక్కిందా?" అంటారు. పాలకేంద్రం దగ్గర అడుగుతారు, చర్చి మెట్ల మీద అడుగుతారు. మంగలి అయితే సగం గడ్డం గీసి, కత్తి గాల్లో ఆపి, పారిపోయే వీల్లేకుండా చూసుకుని మరీ అడుగుతాడు.

నిజానికి కొండలరావుకి బర్రె లేదు. రెండెకరాల మిరపచేను, సౌభాగ్యమ్మ అనే భార్య, ఒక కంప్యూటరు. ఇదీ ఆస్తి. బర్రె ఉన్నది కంప్యూటర్లో. అది ఏడాదిగా మున్నేరు మధ్యలో, పొట్టలోతు నీళ్ళలో నిలబడి ఉంది.

అదెందుకు నిలబడిందో చెప్పాలంటే ముందు మనిషి సంగతి చెప్పాలి.

కొండలరావుకి యాభై ఏడేళ్ళు. పదో తరగతి దాకా చదివాడు. ఆ తరగతి బాగా నచ్చి రెండుసార్లు చదివాడు. ఎండాకాలం సెలవుల్లో చర్చిలో పిల్లలకి పది రోజులపాటు పాటలు, కథలు, ఆటలు పెడతారు. దాన్ని వీబీఎస్ అంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పది రోజులూ కథలు చెప్పేది కొండలరావే. పాత సాక్సులకి గుండీలు కుట్టి కళ్ళు చేసి, చేతికి తొడుక్కుని బొమ్మలాట ఆడించేవాడు. ఇవాళ ఊళ్ళో మీసాలు మెలేస్తున్న మగాళ్ళలో సగంమంది, చిన్నప్పుడు ఆయన ఎడమకాలి సాక్సు చచ్చిపోయిందని వెక్కివెక్కి ఏడ్చినవాళ్ళే.

పిల్లలు ఫోన్లు మరిగాక సాక్సు పప్పులు ఉడకలేదు. "అది మీ చెయ్యే కదా తాతా" అని ఒకడు అందరి ముందూ అనేశాడు. కొండలరావుకి మనసు చివుక్కుమంది. ఆ పట్టుదలతోనే ఫోన్లో వీడియోలు చూసి, కంప్యూటర్లో కదిలే బొమ్మలు చెయ్యడం నేర్చుకున్నాడు. ఆ వీడియోల్లో వాళ్ళు మాట్లాడేది ఏ భాషో ఆయనకి తెలీదు. తెరమీద బాణం గుర్తు ఎటు పోతే తనూ అటు పోయాడు. పక్కచేను రైతు ఏ మడికి నీళ్ళు కడితే మనమూ ఆ మడికి కట్టినట్టు.

అలా పుట్టింది అబద్ధాల బర్రె కథ. పాలు పితకడానికి ఎవరొచ్చినా ఆ బర్రె "ఇందాకే ఇచ్చేశా" అంటుంది. దూడతోనూ అదే మాట. ఒకరోజు పొదుగు బరువెక్కి, బండారం బయటపడుతుందని భయపడి మున్నేట్లోకి దిగి, బురదలో కూరుకుపోతుంది. ఒడ్డున ఉన్న పిల్లలు "ఏమైంది? తాడు వెయ్యమంటావా?" అంటే, "ఏం లేదు, స్నానం చేస్తున్నా" అంటుంది. మెడదాకా మునుగుతున్నా నిజం మాత్రం చెప్పదు. బర్రె గొంతు సౌభాగ్యమ్మది. పిల్లల గొంతులు నలభై మూడు. ఊళ్ళో పిల్లలు, వేసవికి అమ్మమ్మల ఇళ్ళకొచ్చిన పిల్లలు, అందరివీ ఉన్నాయి. ఒక్కణ్ణి వదిలేసినా వాళ్ళ నాయనమ్మ ఇంటిమీదికి వస్తుందని ఎవర్నీ వదల్లేదు.

కిందటేడు వీబీఎస్ ఆఖరి రోజున చర్చి గోడమీద ప్రొజెక్టరుతో బొమ్మ వేశారు. బర్రె మున్నేట్లో దిగింది. అంతే, బొమ్మ ఆగిపోయింది. అప్పట్లో ఉన్న ముసలి కంప్యూటరుకి నీళ్ళు చెయ్యడం చేతకాలేదు. నీళ్ళు చెయ్యమంటే సిమెంటు చేసింది. పిల్లలు ఖాళీ గోడవైపు చూస్తూ కూర్చున్నారు. "తర్వాత?" అన్నారు.

కొండలరావు మైకు అందుకున్నాడు. మైకు చేతికొస్తే ఆయనకి ముందూ వెనకా తెలీదు.

"వచ్చే వీబీఎస్ ఆఖరి రోజుకి బర్రె ఒడ్డెక్కకపోతే, కంప్యూటరు అమ్మేసి మళ్ళీ బొమ్మల జోలికి రాను. దేవుడి మందిరంలో నిలబడి చెప్తన్నా!"

పాస్టరు జయరాజ్ గారు అలవాటుకొద్దీ "ఆమెన్" అన్నారు. ఇంకేముంది, ఊరు ఆ మాటని కొంగున ముడేసుకుంది.

ఎదురింటి సుబ్బమ్మకి మాత్రం వేరే బాధ. ఆమె బర్రెకి ఎడమకొమ్ము విరిగింది. బొమ్మలో బర్రెకీ ఎడమకొమ్ము విరిగింది.

"నా బర్రెని అబద్ధాలకోరుని చేసావు గదరా కొండలూ! పూటకి నాలుగు లీటర్లిస్తది అది!"

"అది మీ బర్రె కాదత్తా. కొమ్ము నా చేతకానితనం. రెండోది సరిగ్గా రాలా" అని ఆమె చెవిలో అరిచాడు కొండలరావు.

"మరి మైకులో ఆ గొంతేంది? అచ్చం నా బర్రె అరిచినట్టే ఉంది."

పక్కనే సౌభాగ్యమ్మ నిలబడి ఉంది. ఆ పూట కొండలరావు ఇంట్లో పచ్చడి మెతుకులే.

జనవరిలో మొదటి కోత అయ్యాక, ఆయన సౌభాగ్యమ్మని వెంటబెట్టుకుని జగ్గయ్యపేట వెళ్ళి ఇంకో కంప్యూటరు తెచ్చుకున్నాడు. అక్కడ బస్టాండు వెనక ప్రమీలారాణి గారికి పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే కొట్టుంది. చేలూ తోటలూ ఉన్న ఇంటి కోడలు. కొట్టు పెట్టాల్సిన అవసరమేమీ లేదు, కనపడిందల్లా విప్పి చూడాలనే దురద తప్ప. బొమ్మల పని చకచకా చేసే గ్రాఫిక్స్ కార్డున్న పెట్టె ఒకటి ఇచ్చి, అందులో విండోస్ బదులు లినక్స్ అనే సిస్టం వేసింది, మింట్ అనే రకం. తెరమీద పచ్చటి గుర్తు చూసి, పేరుకి అర్థం కనుక్కుని, సౌభాగ్యమ్మ దాన్ని అప్పటికప్పుడు "పుదీనా" అనేసింది.

"లినక్స్ మీకు కొత్త కదా, ఒక్క మాట గుర్తుపెట్టుకోండి" అంది ప్రమీలారాణి. "లోపల ఏది మార్చాలన్నా ముందు ఈ టైమ్‌షిఫ్ట్ తెరిచి ఈ బటన్ నొక్కండి. సిస్టం అప్పటికి ఎలా ఉందో అలా ఫొటో తీసి దాస్తుంది. రేపేదైనా చెడితే ఆ ఫొటో దగ్గరికి వెనక్కి పోవచ్చు. నారు పోసేటప్పుడు నాలుగు మడులు ఎక్కువ పోస్తారు కదా, చచ్చిన మొక్క చోట నాటడానికి? అదే ఇది."

"ఓస్, అంతే గదండీ" అన్నాడు కొండలరావు.

ఆయన ఓస్ అన్నాడంటే గేటు దాటేలోపు మర్చిపోతాడని సౌభాగ్యమ్మకి ముప్ఫై రెండేళ్ళుగా తెలుసు. ఆమె ఏమీ విననట్టు గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది.

మే నెల వచ్చింది. వీబీఎస్ మొదలైంది. ఆఖరి రోజు శనివారం. కథంతా అయిపోయింది, మిగిలింది తొంభై సెకన్ల నీళ్ళు. బర్రె నిజం ఒప్పుకోవాలి, పిల్లలు తాడు వెయ్యాలి, అది ఒడ్డెక్కాలి. మంచి నీళ్ళు వస్తాయని కొండలరావు బొమ్మలు చేసే ప్రోగ్రాంలో కొత్త రకం తెచ్చి వేసుకున్నాడు. అది తెరుచుకుంటూనే మొహం చిట్లించింది. "మీ కార్డు డ్రైవరు పాతది. కొత్తది వేస్తేగానీ కార్డుని వాడుకోలేను" అంది.

డ్రైవరు అంటే ఏంటో ప్రమీలారాణి ఇదివరకే చెప్పింది. కార్డుకీ సిస్టానికీ మధ్య మాటలు మోసే చిన్న ప్రోగ్రాం. పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది. పిల్ల ఎంత చక్కనిదైనా, పిల్లాడు ఎంత బుద్ధిమంతుడైనా, మధ్యలో పేరయ్య మాట కలపకపోతే పీటల దాకా రారు. కార్డు కలిసొస్తే ఆ తొంభై సెకన్ల నీళ్ళు ఒక్క రోజులో తయారవుతాయి. కలిసిరాకపోతే పదహారు రోజులు పడుతుంది. ఆ రోజు బుధవారం. ఉన్నవి మూడు రోజులు.

మధ్యాహ్నం అన్నం తిని, ఫ్యాను కింద కూర్చుని, కొండలరావు డ్రైవర్ మేనేజర్ తెరిచాడు. మూడు డ్రైవర్లు చూపించింది. ఒకదాని పక్కన ఇది వేసుకోవడం మంచిదని రాసి ఉంది. దాన్నే ఎంచుకున్నాడు. పాస్‌వర్డ్ అడిగింది, కొట్టాడు. పది నిమిషాల్లో పని అయిపోయి "ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి" అంది. చేసి ఉంటే బర్రె బుధవారమే ఒడ్డెక్కేది. ఈ కథా ఇక్కడే అయిపోయేది.

కానీ కొండలరావు మిరప రైతు. నందిగామ చుట్టుపక్కల మిరప రైతనేవాడు స్ప్రే ట్యాంకులో ఒక్క మందు పోసి ఊరుకోడు. నల్లతామర పురుగు వచ్చి చేలు ఊడ్చేసిన ఏడాది నుంచీ మరీను. ఒక మందుకి చావని పురుగు రెండిటికి చస్తుంది, రెండిటికి చావనిది మూడో దాని వాసనకైనా సిగ్గుపడుతుందని నమ్మకం. "వేరే మందులతో కలపరాదు" అని డబ్బా మీద ఎర్ర అక్షరాలతో రాసే ఉంటుంది. అది పక్కూరి రైతుల కోసం రాసింది.

"ఒక్కటే వేస్తే పనిచేస్తదా అని" అనుకుంటూ కార్డు కంపెనీ వెబ్‌సైటుకి వెళ్ళాడు. అక్కడ ఇంకో డ్రైవరు, ఇంకా కొత్త నంబరుది, కనపడింది. దించాడు. అది ఎలా వెయ్యాలో చెప్పే వీడియో ఒకటి దొరికింది. ఫోన్ని సత్తుచెంబుకి ఆనించి, అందులోవాడు ఏం కొడితే అదే కొట్టాడు. బొమ్మల తెర పోయి నల్ల తెర వచ్చింది. మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది. ఈసారి ఎంత కొట్టినా తెరమీద ఒక్క చుక్క కూడా పడలేదు. కీబోర్డు చచ్చిందేమోనని బోర్లించి తట్టాడు. రెండు మరమరాలు రాలాయి. లినక్స్ నల్ల తెర మీద పాస్‌వర్డ్ కనపడదనీ, కనపడకపోయినా లోపలికి పోతుందనీ తెలియడానికి పావుగంట పట్టింది.

అప్పుడు ఆ డ్రైవరు, పాపం, మర్యాదగానే అడిగింది. "ఇక్కడ ఇప్పటికే వేరే దారిలో వేసిన డ్రైవరు ఒకటుంది. అయినా ముందుకి వెళ్ళమంటారా?" ఎర్ర అక్షరాలు చదివే అలవాటుంటే కదా!

"కానీవోయ్" అని ఎంటర్ కొట్టాడు కొండలరావు.

రీస్టార్ట్ అయింది. తెర నల్లగా వచ్చింది. పై మూల చిన్న గీత వెలుగుతూ, ఆరుతూ ఉంది. పుదీనా లేదు, బర్రె లేదు, మున్నేరు లేదు. ఆఫ్ చేసి ఆన్ చేశాడు. గీత. ప్లగ్గు పీకి పెట్టాడు. గీత. చెంబులో మిగిలిన నీళ్ళు తాగి, మళ్ళీ చూశాడు. గీతే.

సౌభాగ్యమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఏమైందయ్యా?"

"ఏం లేదు."

"తెర నల్లగా ఉందేంది?"

"ఎండకి."

సౌభాగ్యమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ట్రంకుపెట్టెలోంచి దుప్పటి తీసి మంచం మీద పెట్టింది. "పొద్దున్నే పేట పోదాం. దీన్ని దీంట్లో చుట్టు" అంది.

గురువారం ఉదయం బండి బయల్దేరింది. ముందు కొండలరావు, వెనక సౌభాగ్యమ్మ, ఆమె ఒళ్ళో దుప్పట్లో చుట్టిన కంప్యూటరు పెట్టె. దూరం నుంచి చూసినవాళ్ళకి ఎవరో జబ్బుపిల్లని ఆసుపత్రికి తీసుకుపోతున్నట్టే ఉంది. నందిగామ గాంధీ సెంటర్లో ఎర్రలైటు పడి ఆగితే, పక్క బండిమీద ఉన్న ఒకావిడ "అయ్యో, ఎన్నో నెలమ్మా?" అంది. సౌభాగ్యమ్మ దుప్పటి సర్ది "అయిదో నెల" అంది. నిజమే, జనవరిలో కొన్నారు. అవతల సోడా బండి దగ్గర నుంచి చందర్లపాడు మనిషొకడు గొంతెత్తాడు.

"కొండలరావ్! బర్రె ఒడ్డెక్కిందా?"

కొండలరావు తల దించుకున్నాడు. సౌభాగ్యమ్మే అందుకుంది.

"బర్రెనే తోలుకుపోతన్నాం! అడ్డం లే!"

జగ్గయ్యపేట చేరేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. ప్రమీలారాణి పెట్టెని బల్లమీద పెట్టి, తెర తగిలించి, ఆన్ చేసింది. గీత వెలిగింది, ఆరింది.

"ఏం చేశారు కొండలరావుగారూ?"

"ఏం చెయ్యలేదండీ. డ్రైవరు వేసుకోమంటే వేసుకున్నా. లిస్టులో మంచిదని రాసుందే, అది."

"అదొక్కటేనా?"

"ఒక్కటేనండీ."

ఇందులో ఆయన్ని మరీ తప్పుపట్టడానికి లేదు. వ్యవసాయాధికారి చేలోకొచ్చి ఏం కొట్టావయ్యా అంటే, మూడు మందులు కలిపి కొట్టి రెండు రోజులు కాకపోయినా "ఏమీ కొట్టలేదండీ" అనడం ఈ మెట్ట ఊళ్ళలో తాతల నాటి మర్యాద. నిజం చెబితే తిట్లు తినాలి. చెప్పకపోతే ఇంకో మందు రాసిస్తారు.

ప్రమీలారాణి నమ్మింది. మూడు మీటలు కలిపి నొక్కితే గీత పోయి నల్ల తెర మీద అక్షరాలు వచ్చాయి.

"తెర పోయినంత మాత్రాన లోపల మనిషి పోలేదు. ఇదిగో, పలుకుతున్నాడు. పాస్‌వర్డ్ చెప్పండి."

కొండలరావు ఆమె దగ్గరికి వంగి గొణిగాడు.

"వినపళ్ళేదండీ."

ఇంకా చిన్నగా గొణిగాడు.

"సుబ్బమ్మబర్రె!" అంది సౌభాగ్యమ్మ, బజారుకి వినపడేటట్టు. "అన్నీ చిన్నక్షరాలు, ఇంగ్లీషులో."

ప్రమీలారాణి నవ్వు ఆపుకుంటూ కొట్టింది. లిస్టులో ఉన్న డ్రైవర్ని తీసేసి, శుభ్రంగా మళ్ళీ వేసింది. దానికి ముప్పావుగంట పట్టింది. రీస్టార్ట్ చేసింది. ముగ్గురూ తెర మీదికి వంగారు.

గీత.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇలా అవ్వకూడదే. ఒక్కటే వేస్తే ఈపాటికి రావాలి. మళ్ళీ అడుగుతున్నా, ఇంకేమైనా వేశారా? తిట్టను."

"అబ్బే, లేదండీ."

అట్టముక్కతో విసురుకుంటున్న సౌభాగ్యమ్మ ఆపింది. గొంతు సవరించుకుంది. ముక్కులోంచి, బొంగురుగా, సాగదీసి అంది.

"ఇందా...కే ఇచ్చేశా..."

ప్రమీలారాణి ఉలిక్కిపడి వీధిలోకి చూసింది, బర్రె ఏదైనా కొట్లోకి వస్తోందేమోనని.

"ఏం లే...దు, స్నానం చేస్తున్నా..." అంది సౌభాగ్యమ్మ మళ్ళీ, మొగుడి వైపు చూడకుండా.

కొండలరావు చెవులు ఎర్రబడ్డాయి. ఏడాదిపాటు తను ఆ బర్రె పక్కన కూర్చుని దాని పెదాలు కదిపాడు. ఆ మాటలు రాసింది తనే. నలభై మూడు మంది పిల్లలకి, నిజం చెప్పేదాకా తాడు అందదురా అని చెప్పిందీ తనే. ఇప్పుడు బురదలో మెడదాకా కూరుకుని ఎవరు నిలబడ్డారో ఆయనకి తెలిసింది.

"రెండేసానండీ" అన్నాడు. "మొదట లిస్టులోది. తర్వాత కంపెనీ సైటులోది, దాని మీదే. అది వద్దనే చెప్పింది. నేనే కానిమ్మన్నా."

అన్నాక కళ్ళు మూసుకున్నాడు, తిట్టు పడుతుందని. పడలేదు. ప్రమీలారాణి కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఒక పెళ్ళికి ఇద్దరు పేరయ్యల్ని పెట్టారా! వాడు ఒక ముహూర్తం, వీడు ఒక ముహూర్తం! ఆ ముక్క ఇందాకే చెప్పుంటే ముప్పావుగంట మిగిలేది కదండీ. నేను ఒకణ్ణి పంపించి మళ్ళీ పిలుస్తున్నా, రెండోవాడు పెళ్ళిపందిట్లోనే కూర్చునున్నాడు. సరే, ఇప్పుడు దారి తెలిసింది. ముక్క ముక్క ఏరుకుంటూ కూర్చోవడం కన్నా వెనక్కి పోవడం మేలు. ఫొటో తీశారా?"

"లేదండీ. ఇది మాత్రం నిజం."

"చూద్దాం" అని ఆమె ఏదో కొట్టింది. నల్ల తెర మీద వరసగా తేదీలు దిగాయి. ఒకటి, రెండు, అయిదు, పది.

"పదిహేడు ఫొటోలున్నాయి! అన్నీ శనివారాలే. పక్కన ఏదో రాశారు కూడా. తెలుగు కాబోలు, ఈ తెరమీద వట్టి డబ్బాల్లా పడుతోంది."

"దేవుడి కృప" అన్నాడు కొండలరావు, నోరు తెరిచి.

సౌభాగ్యమ్మ గోడ గడియారం వైపు చూస్తోంది.

"వెనక్కి పోతే నా బర్రె కూడా వెనక్కి పోద్దా అండీ? వారం నుంచీ చేసిన పని..."

"పోదు. ఇది మీ ఫైళ్ళ జోలికి రాదు. పందిరి పాతది వేస్తుంది, ఇంట్లో సామాను ఉన్నచోటే ఉంటుంది."

కిందటి శనివారం ఫొటో ఎంచి, వెనక్కి పొమ్మంది. పావుగంట సేపు అక్షరాలు పరిగెత్తాయి. తర్వాత తెర ఒకసారి ఆరి, వెలిగి, పచ్చటి గుర్తు వచ్చింది. "పుదీనా!" అని అరిచాడు కొండలరావు. టీ గ్లాసులు తెస్తున్న మనిషి గుమ్మంలోనే ఆగి, ఇది కూరగాయల కొట్టేమోనని బోర్డు వైపు చూశాడు.

ప్రమీలారాణి టైమ్‌షిఫ్ట్ తెరిచింది. ఇప్పుడు తెలుగు తెలుగులాగే కనపడింది. ప్రతి ఫొటో పక్కనా ఒక ముక్క.

"శనివారం. ఈయన చర్చి ఊడవడానికి పోయాడు."

"శనివారం. మూడో కోత. కూలోళ్ళు రాలా."

"శనివారం. సుబ్బమ్మ బర్రె ఈనింది. పెయ్యదూడ."

"శనివారం. ఈయనకి జలుబు. పుదీనా బాగానే ఉంది."

చివరిది, మొన్నటిది: "శనివారం. ఇంకో వారమే ఉంది. ఈయన ఏదో ఒకటి చేస్తాడు."

కొండలరావు ఒక్కో ముక్కా వేలు పెట్టి చదివాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

"నువ్వా పెట్టెని ముట్టనన్నావు గదే?"

"ముట్టలా. వారానికోసారి బటన్ నొక్కా. నువ్వు లేనప్పుడు."

"పాస్‌వర్డ్ నీకెవరు చెప్పారు?"

"నువ్వే. కొట్టేటప్పుడు ఒక్కో అక్షరం పైకి చదువుతావు. మన వీధి మొత్తానికీ తెలుసు, ఒక్క సుబ్బమ్మకి తప్ప. ఆమెకి చెవుడు గాబట్టి బతికిపోయావు."

"ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి" అంది ప్రమీలారాణి కళ్ళు తుడుచుకుంటూ. "తర్వాత కొత్త డ్రైవరు మీరే వెయ్యండి. నేను చేతులు కట్టుకుని కూర్చుంటా."

కొండలరావు కుర్చీ లాక్కున్నాడు. మొదట ఫొటో తీశాడు. పక్కన ఏం రాయాలా అని కాసేపు ఆలోచించి, "గురువారం. ఒక్క మందే" అని రాశాడు. డ్రైవర్ మేనేజర్ తెరిచి, మంచిదని రాసిన దాన్ని ఎంచుకున్నాడు. పని అయిపోయింది, రీస్టార్ట్ అంది. ఆయన చెయ్యి దానంతటదే వెబ్‌సైటు వైపు జరగబోయింది. వెనకనుంచి చిన్నగా ఒక బర్రె దగ్గింది. చెయ్యి వెనక్కి వచ్చింది. రీస్టార్ట్ చేశాడు.

తెర వచ్చింది. బొమ్మల ప్రోగ్రాం తెరిచాడు. ఈసారి మొహం చిట్లించలేదు. పరీక్షకని ఒకే ఒక్క బొమ్మ చెయ్యమన్నాడు. కార్డు ఫ్యాను బుర్రుమంది. నిమిషం తిరక్కముందే మున్నేరు వచ్చింది. నిజం మున్నేరు. ఎండ పడి తళతళలాడుతూ, బర్రె పొట్ట చుట్టూ సుళ్ళు తిరుగుతూ, కొంచెం బురదగా. సౌభాగ్యమ్మ ముందుకి వంగి చూసింది.

"సిమెంటు కాదు" అంది.

ఆమె నోట అంతకన్నా మంచి మాట ముప్ఫై రెండేళ్ళలో ఆయన వినలేదు.

గురువారం సాయంత్రం ఇంటికి చేరగానే పని మొదలుపెట్టాడు. శుక్రవారమంతా కార్డు బుర్రుమంటూనే ఉంది. కూలరు మనుషుల వైపు నుంచి కంప్యూటరు వైపు తిప్పారు. సౌభాగ్యమ్మ గుమ్మంలో పీట వేసుక్కూర్చుని, చెప్పులతో లోపలికి వచ్చేవాళ్ళని, స్విచ్చుల మీద చెయ్యి వేసేవాళ్ళని, బర్రె గురించి అడిగేవాళ్ళని ఒకే తిట్టుతో తరిమింది. సాయంత్రానికి తొంభై సెకన్లూ తయారయ్యాయి. శనివారం పొద్దున గొంతులు అతికించి, ఆఖర్న పేర్లు వేశాడు.

పొద్దుగూకగానే చర్చి గోడమీద బొమ్మ వేశారు. నలభై మూడు మంది పిల్లలు, వాళ్ళ నాయనమ్మలు, కత్తి ఇంట్లో పెట్టి వచ్చిన మంగలి, అందరూ ఉన్నారు. బర్రె మున్నేట్లో దిగింది. కిందటేడు ఆగిన చోటికి వచ్చేసరికి ఒక్కరూ కదల్లేదు. బొమ్మ ఆగలేదు. నీళ్ళు కదిలాయి. ఒడ్డున పిల్లలు తాడు పట్టుకుని అడిగారు, నలభై మూడు గొంతులతో. బర్రె ఇటు చూసింది, అటు చూసింది.

"ఇవ్వలా. అబద్ధమాడా. కాళ్ళు కూరుకుపోయినాయి. లాగండ్రా నాయనా!"

పిల్లలు గోడమీద లాగారు. గోడకి ఇవతల కూర్చున్న పిల్లలు కూడా లేచి నిలబడి, లేని తాడు పట్టుకుని లాగారు. పాస్టరుగారు కూడా ఒక చెయ్యి వేశారు. బర్రె ఒక కాలు పీకింది, రెండో కాలు పీకింది, బురదంతా విదిలించుకుంటూ ఒడ్డెక్కింది. ఆ కేకకి చర్చి గంట మీది పావురాలు లేచిపోయాయి.

తర్వాత పేర్లు పడ్డాయి. అన్నిటికన్నా ముందు, పెద్ద అక్షరాల్లో: "బర్రె: ఎదురింటి సుబ్బమ్మ గారిది. మొదట కాదన్నాను. అబద్ధం."

ఎవరో చెవిలో అరిచి చెబితే సుబ్బమ్మ దిగ్గున లేచింది. కొండలరావు తిట్లకి సిద్ధపడ్డాడు.

"చూసారా! నాదే! ఎట్టా ఒడ్డెక్కిందో చూసారా నా తల్లి!" అని చుట్టూ తిరిగి అందరికీ చెప్పుకుంది.

పిల్లల పేర్లు నలభై మూడూ వెళ్ళాయి. "గొంతు: సౌభాగ్యమ్మ" అని పడింది. అది కూడా పోయాక, గోడ నల్లబడేముందు ఇంకో ముక్క వచ్చింది. "ప్రతి శనివారం ఫొటోలు: సౌభాగ్యమ్మ."

ఏం ఫొటోలో ఎవరికీ అర్థం కాలేదు. జనం ఒకరినొకరు అడుగుతున్నారు. సౌభాగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొగుడి డొక్కలో మోచేత్తో పొడిచింది.

"నా పేరు రెండుసార్లు పడిందేందయ్యా? ఒకసారి వేస్తే చాలదా?"

"ఒకటి పనిచేస్తదో లేదోనని" అన్నాడు కొండలరావు, "రెండేసా."